అతుకు లేని బల్ల

తడి ప్లాస్టర్ వాసన.

చల్లగా, కాస్త చేదుగా... పక్కగది నిండా అదే వాసన.

మోచేతుల దాకా తెలుపు. గోళ్ళ సందుల్లో తెలుపు. కనుబొమల మీద కూడా తెలుపే — యాభై నాలుగేళ్ళకే ముసలాడైపోయినట్టున్నాడు.

అతను కొండ కడుతున్నాడు.

మూరెడు ఎత్తు కొండ. కొండ కింద సొరంగం. సొరంగంలోంచి పట్టాలు. ఆ పట్టాల మీద నడవాల్సిన రైలు మాత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

పళ్ళ సెట్లు చేసే మనిషి అతను. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తారు. అందులో ప్లాస్టర్ పోసి, పన్ను పక్కన పన్ను పేర్చి, చిగుళ్ళు దిద్ది వెనక్కి పంపిస్తాడు. ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళ నవ్వు అతని చేతిపనే. ఆ సంగతి వాళ్ళకి తెలియదు. అతనికి తెలుసు. నలుగురు కూర్చుని భోంచేస్తున్న చోట ఎవరు ఏ వైపు నములుతున్నారో చూసి, తనలో తనే తల పంకిస్తాడు.

"అందరూ మొహం చూసి పలకరిస్తారు. ఈయన దవడ చూసి పలకరిస్తాడు," అంటుంది భార్య.

అతనికి ఒకటే పట్టుదల. పనిలో అతుకు కనబడకూడదు. చిగురు ఎక్కడ ఆగిందో, పన్ను ఎక్కడ మొదలైందో నాలుకకి కూడా తెలియకూడదు.

ఆ పట్టుదలే కొంప ముంచింది.

ఇంట్లో రైలు కట్టుకునేవాళ్ళు బల్లని ముక్కలుగా కడతారు. నాలుగు ముక్కలు, మధ్యలో మరలు. గది ఖాళీ చెయ్యాల్సివస్తే మరలు విప్పి, ఒక్కొక్క ముక్కా చంకన పెట్టుకుని పోవచ్చు. రైళ్ళ సామాను అమ్మే షాపతను చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఇతను వింటేనా!

"అతుకు దగ్గర చక్రం టక్కుమంటుంది. నాకొద్దు."

చెక్కలు విడివిడిగా లోపలికి తెచ్చాడు. జిగురు పెట్టాడు. మేకులు కొట్టాడు. పైన ప్లాస్టర్ పూసి, నున్నగా రుద్ది, మొత్తాన్నీ ఒకే పలక చేశాడు. తొమ్మిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు; గదంతా అదే. దాని మీద ఒకే కొండ.

గది తలుపు రెండున్నర అడుగులు. బల్లని పక్కకి ఒరిగిస్తే కొండ ఊడిపోతుంది.

కొలవలేదు. ముప్పై ఏళ్ళుగా వెంట్రుకవాసి తేడాని కూడా కొలిచే మనిషి... సొంత గది తలుపుని కొలవలేదు.

బయటికి తియ్యాల్సివస్తుందని అనుకోలేదు మరి.

మూడేళ్ళు కట్టాడు. వాడేసిన టీపొడి ఎండబెట్టి నేల చేశాడు. అంట్లు తోమే స్పాంజి చించి, ఆకుపచ్చ రంగులో ముంచి, చెట్లు చేశాడు. పట్టాల కింద కంకర... ఇసుక జల్లెడ పట్టి, కళ్ళలో మందు వేసే గొట్టంతో చుక్క చుక్క జిగురు వదిలి అతికించాడు. పళ్ళకి వాడే సన్న తీగతో సిగ్నల్ స్తంభాలు. చిగుళ్ళు దిద్దే గులాబీ మైనంతో స్టేషన్ పైకప్పు.

"చిగుళ్ళ కింద టికెట్లు అమ్ముతారా ఏమిటి?" అని నవ్వింది భార్య.

ఆ మూడేళ్ళూ అతను సంతోషంగా ఉన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే తరవాత అంత బాధ.

ఒకరోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఈ మెట్లు నా వల్ల కావట్లేదురా. ఇరవై రెండు. నిన్న లెక్కపెట్టాను. లెక్కపెట్టే దాకా వచ్చిందంటేనే చూసుకో! నీ పక్కగదిలో ఓ మూల మంచం వేస్తే చాలు. నీ రైళ్ళు నా మీంచి పోయినా కిక్కురుమనను."

నవ్వింది. అతనూ నవ్వాడు.

"అదెంత భాగ్యం అక్కా! ఓ పది రోజులు ఆగు. సొరంగం ఒక్కటే మిగిలింది. అది కాగానే ఒక్కసారి రైలు మొత్తం తిప్పి చూసుకుని, బల్ల కోసేస్తాను."

"అలాగేలే. తొందరేం లేదు."

తొందరేం లేదు.

ఆ మాట అతను నమ్మాడు. నమ్మితే హాయిగా ఉంటుంది కాబట్టి నమ్మాడు.

అక్క అంటే ఒట్టి అక్క కాదు. అమ్మ పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు, అక్కకి పంతొమ్మిది. అక్కది ప్రెస్సులో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. రోజంతా కాగితాలు మడిచి ఇంటికొచ్చి, అదే చేత్తో తమ్ముడికి అన్నం కలిపి పెట్టేది. ఇద్దరికీ ఒకటే గది. అతను పళ్ళ పని నేర్చుకునే రోజుల్లో, ఇంట్లో కూర్చుని అచ్చులు పోసుకోవడానికి కాస్త చోటుంటే బావుండునన్నాడు. ఒక్కసారే అన్నాడు.

ఆ పూటే అక్క చాప చుట్టి వరండాలో వేసుకుంది.

రెండేళ్ళు అక్కడే. జల్లు కొడితే ఇటు జరిగేది, ఎండ పడితే అటు జరిగేది. గది నిండా ఎవరెవరివో దవడలు, బారులు తీరి.

"ఇంతమంది నోళ్ళు తెరుచుకుని కూర్చుంటే, ఇంక మధ్యలో నేనేం మాట్లాడతానురా," అనేది.

పది రోజులు ఆగమని అక్క అనలేదు.

సొరంగం లొంగలేదు.

రైలు లోపలికి వెళ్ళేది. నాలుగు డబ్బాలూ వరసగా చీకట్లోకి... తరవాత చప్పుడు ఆగిపోయేది. మలుపు దగ్గర ఇంజను పడిపోయేది. బల్ల కింద దూరి, పైకి చెయ్యి పెట్టి, తడుముకుని తీసేవాడు. మళ్ళీ పెట్టేవాడు. మళ్ళీ పడేది.

వారం దాటాక గానీ తప్పు తెలియలేదు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు కొంచెం ఉబ్బుతుంది. రోజూ తన పళ్ళ షాపులో ప్రతి నోటికీ ఆ ఉబ్బు లెక్కేసుకుని, ఆ మేరకు సందు వదిలే మనిషే. ఇంట్లో మాత్రం పట్టాలకి ఆనించి పోసేశాడు. కొండ ఉబ్బి పట్టాలని నొక్కేసింది. తెలిసి తెలిసీ చేసిన తప్పు. చెబితే తోటి పనివాళ్ళు పగలబడి నవ్వుతారు.

లోపలంతా గీకాలి. పళ్ళు గీకే చిన్న మరతో, ఒక్కసారికి బియ్యపుగింజంత చొప్పున.

పది రోజులు పదిహేనయ్యాయి. పదిహేను పాతికయ్యాయి.

"వదిన మళ్ళీ ఫోన్ చేసిందా?" అడిగింది భార్య.

"లేదు. తొందరేం లేదందిగా."

"ఆవిడ ఒక మాట రెండోసారి అడిగే మనిషేనా? మీ అక్క గురించి మీకు నేను చెప్పాలా?"

"ఈ వారం కోసేస్తానన్నానుగా."

"ముందు రంపం ఎక్కడుందో చూసుకోండి."

అతను చూడలేదు.

మధ్యలో రెండుసార్లు తనే అక్కకి ఫోన్ చేశాడు. అక్క సొరంగం ఎంతదాకా వచ్చిందని అడిగింది. అతను వివరంగా చెప్పాడు. ఉబ్బు సంగతి, మలుపు సంగతి, మర సంగతి... అక్క ఊ కొడుతూ వింది. మెట్ల గురించి అతను అడగాలి.

అడగలేదు.

ముప్పై ఎనిమిదో రోజు, ఆదివారం, పొద్దున్న పదకొండింటికి రైలు సొరంగంలోకి వెళ్ళింది.

బయటికి వచ్చింది.

కొండ చుట్టూ తిరిగింది. గులాబీ కప్పు స్టేషన్ దాటింది. ఎక్కడా టక్కుమనలేదు. నీళ్ళు జారినట్టు పోతోంది. అతని కళ్ళు చెమర్చాయి. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఎవరో డాక్టరై ఉంటాడు, ఎవరి సెట్టో వదులైందని. ఈ చుట్టు అయ్యాక తీద్దాంలే అనుకున్నాడు. ఆ చుట్టు అయింది. ఇంకో చుట్టు...

ఫోన్ నాలుగుసార్లు మోగింది.

అది అక్క కింది వాటా ఆవిడ. నీళ్ళ బిందెతో ఎక్కుతుంటే పద్నాలుగో మెట్టు మీద అక్క కాలు తప్పింది. తుంటి ఎముక విరిగింది. వాళ్ళే ఆసుపత్రికి చేర్చారు. అతను వెళ్ళేసరికి గంటన్నర దాటింది.

మంచం మీద అక్క సగానికి సగమైపోయినట్టుంది. అతన్ని చూడగానే మొహం విప్పారింది.

"సొరంగం అయిందా?"

"అయింది."

"హమ్మయ్య."

తిట్టినా బావుండేది. రెండు చెంపలూ వాయించినా బావుండేది. ఆ హమ్మయ్య అనడాన్ని మాత్రం అతను ఈ రోజుకీ మింగలేకపోతున్నాడు.

మర్నాడే రంపం కొన్నాడు.

భార్య అటువైపు పట్టుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని ఆవిడ అనలేదు. అనాల్సిన అవసరం లేదని ఆవిడకి తెలుసు. స్టేషన్ మధ్యలోంచి ఒక కోత. టీపొడి నేల మీదుగా ఒక కోత. కొండ ఎంతకీ తెగలేదు. దాన్ని సుత్తితో కొట్టాడు. మూడేళ్ళ పని రెండు గంటల్లో ఏడు ముక్కలై, తలుపులోంచి ఒకటొకటిగా బయటికి వెళ్ళింది. రెండున్నర అడుగులు చాలా విశాలంగా కనిపించాయి.

అంత తేలిక పని. ఇన్నాళ్ళూ అంత తేలిక పని.

గది కడిగారు. కొత్త మంచం వేశారు, ఎత్తు తక్కువది. చేతికి అందేలా లైటు స్విచ్చి పెట్టించాడు. స్నానాలగదిలో గోడకి పట్టుకునే కడ్డీ బిగించాడు, రెండుసార్లు లాగి చూసి మరీ. ఇరవై రోజులకి అక్కని పంపిస్తామని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఆ రోజు తెల్లారగానే బండి మాట్లాడుకుని వెళ్ళాడు.

మంచం ఖాళీగా ఉంది.

ముందురోజు సాయంత్రమే పంపించేశారట. ప్రెస్సులో అక్కతో పాటు పనిచేసిన స్నేహితురాలు వచ్చి తీసుకెళ్ళింది. వాళ్ళది కింది వాటా ఇల్లు, ఎక్కడానికి ఒక్క మెట్టు కూడా లేదు.

ఫోన్లో అక్క చెప్పింది: "నేను అడగలేదురా. అదే వచ్చింది. బట్టలు సర్దేసి, పద అంది. నేను నోరు తెరిచేలోపే బండి ఎక్కించేసింది."

గది సిద్ధంగా ఉందని అతను చెప్పలేదు. గొంతు దాకా వచ్చింది... ఏ మొహంతో చెబుతాడు? అక్క వచ్చినప్పుడు తనే చూస్తుందిలే అనుకున్నాడు.

అక్క రెండు నెలలకి వచ్చింది. నాలుగు కాళ్ళ ఊతకర్ర ముందుకి జరుపుకుంటూ, అడుగు తీసి అడుగు వేస్తూ... సరాసరి పక్కగది దగ్గరికే నడిచింది.

తలుపు దగ్గర ఆగింది.

"ఏదిరా?"

"ఏంటక్కా?"

"రైలు! నీ రైలు చూద్దామనే ఇంత దూరం వచ్చాను. సొరంగంలోంచి ఎలా వస్తుందో చూపిస్తావనుకున్నా."

"కోసేశాను."

అక్క మొహం వాడిపోయింది. అతను అనుకోని బాధ అది. తన కోసం కాదు, తమ్ముడి కోసం పడ్డ బాధ.

"అయ్యయ్యో... మూడేళ్ళు కట్టావు కదరా! కోసెయ్యడానికి చేతులెలా వచ్చాయి? ఈ మంచం ఎవరికి?"

"నీకేనక్కా."

అక్క మెల్లగా వచ్చి మంచం అంచున కూర్చుంది. స్విచ్చి నొక్కింది. లైటు వెలిగింది. ఆర్పింది.

"బాగా అమర్చావు," అంది. "అప్పుడైతే కాళ్ళు చాపుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు అక్కడ అలవాటైపోయిందిరా. దానికీ నేను లేకపోతే తోచదు."

కోపం లేదు ఆ గొంతులో. కూరలో ఉప్పు కాస్త తగ్గిందని చెప్పినట్టు చెప్పింది.

అతనికి ఏడుపొచ్చేసింది. "నన్ను తిట్టక్కా. ఒక్క మాటైనా తిట్టు."

"ఎందుకురా తిట్టడం? నువ్వేం చేశావని? ఏమీ చెయ్యలేదుగా."

ఓదార్చడానికే అంది.

భార్య టీ తెచ్చింది. ముగ్గురూ తాగారు. ఎండ గురించి, కట్టుడు పళ్ళ గురించి, స్నేహితురాలి గురక గురించి మాట్లాడుకున్నారు. అక్క నవ్వించింది కూడా. సాయంత్రం బండి వచ్చి గుమ్మంలో హారన్ కొట్టింది.

అక్క ఊతకర్ర పట్టుకుని లేచింది. రెండడుగులు వేసింది. ఆగి, వెనక్కి తిరిగింది...

తను కూర్చున్న చోట దుప్పటి కొంచెం నలిగింది.

వంగలేక వంగి, అరచేత్తో దాన్ని సాపు చేసింది. పరాయి ఇంట్లో కూర్చుని లేచేవాళ్ళు చేస్తారే, అలా.

ముడత పోయింది. ఆ మంచం మీద ఎవరూ కూర్చోనట్టే ఉంది.