కొత్త లాక్ వచ్చేదాకా

చిటికెన రోజూ ఎనిమిదింటికల్లా కొట్టు తెరిచేది. కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు, మూడంతస్తుల మేడకి మెట్ల కింద మిగిలిపోయిన సందు. నిలబడితే నెత్తికి మెట్టు తగులుతుంది కాబట్టి ఇరవై రెండేళ్లుగా కూర్చునే పని చేస్తోంది. గోడ నిండా మేకులు, మేకుల నిండా ఇంకా పళ్లు కొయ్యని తాళంచెవులు, ఒక చిన్న బల్ల, దాని మీద నాలుగు ఆకురాళ్లు.

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది గానీ దాన్ని ఎవరూ వాడేవారు కాదు. ఎడమచేతి చిటికెన వేలి పుణ్యమా అని ఊరంతటికీ చిటికెన అయిపోయింది. ఏ తాళం కన్నానికైనా ఆ గోటి కొన కాసేపు ఆనిస్తే చాలు, నాలుగు రోజుల్లో గోరు ఆ తాళంచెవిలాగే పెరిగేది, పళ్లతో సహా. దాన్ని చూసి ఒక చెవి కోసిచ్చి, గోరు కత్తిరించి పారేసేది. తాళంచెవులు పోగొట్టుకుని వచ్చినవాళ్లలో ఎవరూ దీనికి ఆశ్చర్యపోయినట్టు లేదు. "నాలుగు రోజులా? ఎల్లుండికి అవ్వదా?" అని మాత్రం సణిగేవారు.

"గోరు నా మాట వినదండీ," అనేది చిటికెన.

ఊళ్లో సగం తలుపులు ఆమె తీసినవే. తలుపు తెరుచుకోగానే ఆ ఇంటివాళ్లు లోపలికి పోయేవారు, ఈమె మళ్లీ మెట్ల కిందికి వచ్చేసేది. ఊరు దాటి వెళ్లాలని, చాలా దూరం వెళ్లాలని ఆమెకి చిన్నప్పటి నుంచీ ఒకటే కోరిక. నలభై ఆరేళ్లొచ్చినా బస్టాండు దాటింది లేదు. వదినతో ఎప్పుడన్నా అంటే, "వెళ్లవే, ఎవరొద్దన్నారు? ఎక్కడికో చెప్పి వెళ్లు," అనేది. ఎక్కడికో తెలీక అక్కడే ఆగిపోయేది.

ఒక సోమవారం మెకానిక్ బాబాయి ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. పొడుగాటి మనిషి, మాట మెత్తన. చేతులు చూస్తే వేళ్లన్నీ వంకాయల్లా వాచి ఉన్నాయి.

"అమ్మాయ్, ఈయన తేనెపెట్టెలాయన. పూలెక్కడుంటే పెట్టెలు లారీలో వేసుకుని అక్కడికి పోతుంటాడు. లారీ మా షెడ్డులో ఉంది. మా నాన్న వయసుంటుంది దానికి. తాళంచెవి లేదు."

"ఎలా పోయిందండీ?" అంది చిటికెన.

"పోలేదండీ. భద్రంగా దాచాను," అన్నాడాయన.

"ఎక్కడ?"

"తేనెపెట్టెలో. దొంగవాడు చెయ్యి పెట్టడు కదా అని."

"మరి తీసుకోండి."

"అరవై నాలుగు పెట్టెలండీ. ఆరోజు జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. ఏ పెట్టెలో పెట్టానో ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు."

బాబాయి పకపకా నవ్వాడు. "అన్నీ వెతికాడమ్మా. ఆ వేళ్లు చూడు!"

"తమది కానిదేదైనా ఈగలు మైనంతో కప్పేస్తాయండీ," అన్నాడు తేనెపెట్టెలాయన, తప్పు తనదేగానీ ఈగలది కాదన్నట్టు. "ఇక్కడ పొద్దుతిరుగుడు పూలు రాలిపోయాయి. వారంలో ఆవచేలకి చేరకపోతే దాచుకున్నదంతా తినేసి ఆకలికి చచ్చిపోతాయి."

చిటికెన లేచి, అలవాటుగా తల వంచి బయటికొచ్చి, షెడ్డుకి నడిచింది.

పచ్చరంగు వెలిసిపోయిన లారీ అది. స్టీరింగ్ పక్కన ఇగ్నిషన్ లాక్, చుట్టూ ఉన్న ఇత్తడి అరిగిపోయి నున్నగా మెరుస్తోంది. గోరు ఆనించి వెళ్లిపోయింది. శుక్రవారానికి గోరు పెరిగింది, సన్నగా, పొడుగ్గా, ఐదు పళ్లతో. దాన్ని చూసి ఇత్తడి చెవి కోసింది. లాక్‌లో పెడితే అడ్డంగా పట్టేసింది. ఇంకోటి కోసింది. వంగిపోయింది. విసుగొచ్చి గోటినే పెట్టి తిప్పింది. మెల్లగా తిరిగింది, ఇంజన్ ఒళ్లు విరుచుకుని లేచింది.

"లోపలంతా అరిగిపోయింది," అన్నాడు బాబాయి. "గోరు కాస్త వంగుతుంది కాబట్టి వెళ్లింది, ఇత్తడి వెళ్లదు. లాక్ మార్చాల్సిందే. డ్రిల్లు పెడితే అది కూర్చునే గూడు చెడుతుంది, అలాంటి గూడు ఇప్పుడెక్కడా దొరకదు. గోటితో మొదటి మెట్టుదాకా తిప్పి, పక్కనున్న చిన్న కన్నంలో తీగ గుచ్చితే శుభ్రంగా ఊడొస్తుంది. అదేం పెద్ద పని కాదు. కానీ దీనికి సరిపడే లాక్ తెప్పించడానికి నలభై రోజులు పడుతుంది."

తేనెపెట్టెలాయన ముఖం వాడిపోయింది. చిటికెన గోరు వైపు చూశాడు, ఏదో అడగబోయి ఆగిపోయాడు.

"లాక్ వచ్చేదాకా నేనొస్తాను," అంది చిటికెన. అనేసి తనే ఉలిక్కిపడింది.

ఇంటికెళ్లి చెబితే వదిన, "ఎక్కడికి?" అంది.

"ఆవచేల దగ్గరికి."

మొదటిసారి ఆ ప్రశ్నకి జవాబు దొరికింది. వదిన బీరువా తీసి, "చలిగా ఉంటుంది, నా స్వెట్టర్ పట్టుకెళ్లు," అంది.

కనుచూపు మేరా పసుపు రంగు ఆవచేలు. చిటికెన లారీ దిగి, తల వంచుకునే నడిచింది. పైన మెట్లు లేవని నడుముకి తెలియడానికి వారం పట్టింది. పొద్దున ఆమె గోరు తిప్పితే లారీ లేచేది, ఆయన నడిపేవాడు. మిగతా రోజంతా పెట్టెల పని. పొగ డబ్బా పట్టుకోవడం, తేనెపట్టు చట్రాలు ఎత్తి చూడటం, రాణి ఈగని గుర్తుపట్టడం నేర్చుకుంది. ఆయనకి అరవై నాలుగు పెట్టెల గుణాలూ తెలుసు. పదిహేడో పెట్టెకి మూతి విరుపులెక్కువ, ముప్ఫైకి బద్ధకం, నలభై ఒకటి పొరుగు పెట్టె మీద దొంగతనానికి పోతుంది. ఎవరన్నా ఒక్క చట్రం అటూఇటూ మార్చినా ఇట్టే పట్టేసేవాడు. సాయంత్రాలు ఇద్దరూ లారీ పక్కన కూర్చుని టీ తాగేవారు. చిటికెన సంతోషంగా ఉంది. ఆ సంగతి తెలిసి ఆమెకే బెరుకుగా అనిపించింది.

నలభై ఒకటో రోజున బాబాయి పంపిన పార్సెల్ వచ్చింది.

పని ఆమే చేసింది. గోరు పెట్టి మొదటి మెట్టుదాకా తిప్పింది. తీగ గుచ్చింది. పాత లాక్ అరచేతిలో పడింది. కొత్తదాని కన్నానికి గోటి కొన ఒక్క క్షణం తగిలింది, అంతే. లోపలికి నెట్టగానే టక్కుమని కూర్చుంది. రెండు తాళంచెవులు, తళతళలాడుతూ. ఆయన ఒకటి పెట్టి తిప్పాడు. ఇంజన్ లేచింది.

"బాగుందండీ," అన్నాడు.

"బాగుంది," అంది ఆమె.

ఇద్దరిలో ఎవరి ముఖమూ బాగాలేదు. మర్నాడు పదింటికి బస్సు. చిటికెన గోరు కత్తిరించుకుని, పెందలాడే పడుకుంది.

పొద్దున లేచి దుప్పటి మడతపెడుతుంటే గుడ్డకి ఏదో గీసుకుంది. చూస్తే చిటికెన వేలి గోరు. కొత్త లాక్‌కి సరిపోయేలా ఏడు పళ్లతో, పూర్తిగా పెరిగి ఉంది. ఇరవై రెండేళ్లలో నాలుగు రోజులకి ఒక్క పూట తగ్గింది లేదు. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. దొంగతనం బయటపడ్డట్టు పిడికిలి ముడిచేసి, సంచి సర్దుకుని బయటికొచ్చింది.

ఆయన లారీ దగ్గర నిలబడి జేబులు తడుముకుంటున్నాడు.

"తాళంచెవులు కనబడట్లేదండీ."

"రెండూనా?"

"రెండూ. భద్రంగా దాచాను."

"ఎక్కడ?"

"పెట్టెలో."

"ఏ పెట్టెలో?"

ఆయన పెట్టెల వైపు చూశాడు, నేల చూశాడు. "గుర్తులేదండీ."

"మళ్లీ జ్వరమొచ్చిందా?"

"లేదండీ," అన్నాడు, అబద్ధం చేతకాని మనిషి. కుడిచేతి రెండు వేళ్లు అప్పుడే ఈగలు కుట్టినట్టు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

ఆమె సంచిలో ఆకురాయి ఉంది, కొయ్యని చెవులూ ఉన్నాయి. అరగంట కూర్చుంటే కొత్త చెవి చేతిలో పెట్టొచ్చు. ఆ ఊసు ఆమె ఎత్తలేదు. ఆ సంచిలో ఏముంటాయో ఆయనకీ తెలుసు, ఆయనా ఎత్తలేదు.

"ఈ పూలింకా ఎన్నాళ్లుంటాయి?"

"ఎల్లుండిదాకా. ఆ తర్వాత ధనియాల చేలు. చాలా దూరమండీ."

చిటికెన సంచి సీటు వెనక్కి తోసి, లారీ ఎక్కి, పిడికిలి విప్పింది. గోరు పెట్టి తిప్పగానే ఇంజన్ లేచింది.

ఆయన తలుపు పట్టుకుని ఆ గోరునే చూస్తూ నిలబడిపోయాడు. "ఒక్క రాత్రిలోనా?"

"నా మాట వినదండీ," అంది చిటికెన.