ఎదుటి పక్షం కుర్చీ

మా ఆఫీసు బోర్డు మీద మూడు పేర్లుండేవి: తాతయ్యది, నాన్నది, బాబాయిది. కింద నా పేరుకని కాస్త చోటు వదిలారు గానీ, పెయింటరు అంచనా తప్పి అది నా పేరులో సగానికే సరిపోయేలా ఉండేది. "నువ్వు సగం వకీలువేగా, సరిపోతుందిలే" అని ఏడిపించేవాడు బాబాయి.

కింద ఆఫీసు, పైన ఇల్లు. అమ్మ వంటింట్లోంచి ఒక కేక పెడితే కింద క్లయింటు తన గోడు ఆపేసి వినేవాడు. జిగురు, పాత పుస్తకాల తోలు అట్టలు, పక్క కొట్లో దర్జీ ఇస్త్రీ పెట్టె వేడి, అన్నీ కలిసి ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా అది ముక్కుకు తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి. క్లయింట్లు కూర్చునే బెంచీ మధ్యలో నున్నగా అరిగిపోయింది. అంతమంది ఆందోళనగా కదిలిన చోటు అది, అరగదూ మరి!

తాతయ్య ఆఫీసులో ఒక పద్ధతి పెట్టారు. ఏ కేసైనా ఒప్పుకునే ముందు, క్లయింటు ఎదుటే ఇంట్లో ఒకరు అతని తరఫున, ఇంకొకరు ఎదుటి పక్షం తరఫున వాదించాలి. మూడో మనిషి తీర్పు చెప్పాలి. ఎదుటి పక్షానికి కిటికీ పక్కన చేతుల్లేని కుర్చీ ఒకటుండేది. అందులో కూర్చున్నవాళ్లు జాలి చూపించకూడదు. తెలిసిన పాయింటు ఏదీ కడుపులో దాచుకోకూడదు.

"ఇక్కడ దాస్తే కోర్టులో బయటపడుతుంది. అప్పుడు మునిగేది మనం కాదు, మనల్ని నమ్మినవాడు" అనేవారు తాతయ్య.

క్లయింటు తరఫున ఎప్పుడూ నాన్నే. ఆ కుర్చీ మాత్రం బాబాయి సొత్తు. ఒకసారి గోడ తగాదాలో తమ్ముడి మీద దావా వేస్తానని ఒకాయన వచ్చాడు. బాబాయి ఆ కనిపించని తమ్ముడి తరఫున ఎంత బాగా వాదించాడంటే, ఆయన కళ్లు తుడుచుకుని తిన్నగా తమ్ముడి ఇంటికి వెళ్లిపోయాడు. "నడిచొచ్చిన కేసును తరిమేశావు కదరా!" అని తాతయ్య తల పట్టుకున్నారు. ఇంట్లోనూ బాబాయిది అదే వరస. కూరలో ఉప్పెక్కువైందని అమ్మ స్వయంగా ఒప్పుకున్నా, ఆయన ఉప్పు తరఫున వకాల్తా పుచ్చుకునేవాడు. నేను లా చదువుతానంటే వద్దని తెగ వాదించి, నేను గెలిచాక తనే తీసుకెళ్లి కాలేజీలో చేర్చాడు.

తాతయ్య పోయిన చాన్నాళ్లకు, ఒకరోజు అన్నం తింటూ నాన్న ఉన్నట్టుండి అన్నారు: "ఇక ఆఫీసు మూసేద్దాం."

భవనం పాతబడిందట, పెద్ద పెద్ద లా కంపెనీలు వచ్చేశాయట, ఓపిక లేదట. బాబాయి కంచం ముందునుంచి లేచిపోయాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది. ఆ బోర్డు మీద పేరు కోసమే నేను చదివాను. ఆ గదులు తప్ప నాకు ఇంకో లోకం అక్కర్లేదు. దాన్ని ముద్దకీ ముద్దకీ మధ్య మూసేస్తారా?

అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. ఎదురెదురుగా కూర్చునే "మీ నాన్నకి చెప్పు", "మీ బాబాయికి చెప్పు" అని నా చేత కబుర్లు మోయించారు. నాకు విసుగొచ్చింది. "లోకం తగాదాలన్నీ తేల్చిన గది, మనదొక్కటీ తేల్చదా? పదండి కిందికి" అన్నాను.

"సరే. కానీ పక్షాలు మార్చుకుందాం" అన్నారు నాన్న. "వాడు వాడి కుర్చీలోనే కూర్చుని, మూసేయాలని వాదిస్తాడు. నడపాలని నేను వాదిస్తాను. తీర్పు నీది."

తీర్పు నాదంటే ఇక భయమేముంది? లోపల్లోపల సంబరపడ్డాను.

నాన్న అద్భుతంగా వాదించారు. తాతయ్య తొలి కేసు దగ్గర మొదలుపెట్టి, మేము నిలబెట్టిన ఇళ్లు, కాపురాలు అన్నీ చెప్పుకొచ్చారు. మధ్యలో ఒకచోట మాట తడబడి ఆగిపోయారు. గొంతు పూడుకుపోయిందనుకుని నేనూ ముక్కు ఎగబీల్చాను.

బాబాయి వంతు వచ్చింది. పైకప్పు కారుతోందన్నాడు, కేసులు తగ్గాయన్నాడు. బడిలో పాఠం అప్పజెప్పినట్టుంది.

"ఇంతేనా? దాచుకున్నదేమైనా ఉంటే తియ్యి" అన్నారు నాన్న.

బాబాయి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"ఉంది. మొన్న వానల్లో, కోర్టులో, మన పెద్ద వకీలు గారు లేచి ఎదుటివాళ్ల తరఫున వాదించారు. తను ఎవరి వకీలో మర్చిపోయారు."

నాకు ఆ రోజు బాగా గుర్తుంది. బాబాయి లేచి, "ఇంతవరకూ మా అన్నగారు ఎదుటివారి వాదన వినిపించారు, దానికి జవాబు నేను చెబుతాను" అన్నాడు. జడ్జితో సహా అందరూ అది మా ఇంటి ఎత్తుగడే అనుకున్నారు. నేనూ మురిసిపోయాను.

"ఆఫీసు తెరిచున్నన్నాళ్లూ అన్నయ్య కోటు వేసుకుంటాడు. కోటు వేసుకుంటే లేచి నిలబడతాడు. ప్రతిసారీ పక్కన నేనుండను కదా. నష్టపోయేది మనల్ని నమ్మినవాడు" అన్నాడు బాబాయి. "ఇక నా దగ్గర దాచుకున్నదేమీ లేదు."

"నీకు తెలిసే నడుపుదామన్నావట్రా?" అన్నారు నాన్న, మెల్లగా.

"నువ్వు ఊరికే ఇంట్లో కూర్చోవడం నేను చూడలేనన్నయ్యా. పక్కన నేనున్నాగా, నెట్టుకొద్దామనుకున్నా."

"నేను మూసేద్దామన్నదీ అందుకేరా. ఆ మాట నోటితో చెప్పుకోలేకపోయాను."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ గదినంతా ఒక్కసారి కలయజూశాను.

"మూసేద్దాం" అన్నాను.

మర్నాడు పొద్దున్న నేనూ బాబాయీ కింద పుస్తకాలు సర్దుతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నాన్న తల దువ్వుకుని, నల్లకోటు వేసుకుని, హుషారుగా దిగి వచ్చారు.

"ఇవాళ మన కేసుందిగా, ఇంకా బయల్దేరలేదేంట్రా?"

బాబాయి చేతిలో పుస్తకం కింద పెట్టాడు. "వాయిదా పడిందన్నయ్యా."

"అలాగా. ఏ తేదీకి?"

ఆ కుర్చీలో కూర్చుని ఏ ప్రశ్నకూ తడుముకోని మనిషి, నా వైపు చూశాడు.