జమున టీచర్ పట్టా

నేను ఒక డిగ్రీ పట్టాను. దళసరి కాగితం, అంచున బంగారు రంగు తీగలు, కింద గుండ్రటి ముద్ర. పైన పటారం, లోన లొటారం. హైదరాబాదులో పెళ్లిపత్రికలు వేసే మిషను మీదే నన్నూ అచ్చేశారు. నా మీదున్న కాలేజీ పేరు రెండు వరుసలు. దానికి తరగతి గదులు లేవు, అంతా ఆన్‌లైన్. అది తప్పు కాదు. గుర్తింపు లేకపోవడమే తప్పు.

కొరియర్‌లో కోరుట్ల చేరాను. నన్ను అందుకున్న జమున అక్కడ అంగన్‌వాడీ టీచర్. సూపర్‌వైజర్ పోస్టుకు డిగ్రీ కావాలి. వయసు దాటకముందు ఆమెకు అదే ఆఖరి అవకాశం. మూడేళ్లు, పిల్లలు పడుకున్న మధ్యాహ్నాల్లో, ఫోను పప్పు డబ్బాకు ఆనించి పాఠాలు విన్నది. తొమ్మిది పుస్తకాల నోట్సు రాసింది. ఆమె చదువు నిజం. అదే నా బాధ.

సెంటర్‌కి వచ్చే ప్రతి గుడ్డునూ నీళ్లలో వేసి చూసే మనిషి ఆమె. కాలేజీని మాత్రం ఫోను చేసి పరీక్షించింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఎత్తి "మేడం" అన్నారు. ఏ ఆఫీసువాళ్లూ ఆమెను అంత మర్యాదగా పిలవలేదు మరి! నమ్మేసింది. నాకు లామినేషన్ చేయించి, నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టి, సెంటర్ గోడకు తగిలించింది.

జగిత్యాలలో సర్టిఫికెట్ల పరిశీలన జరిగింది. ఆఫీసరు నన్ను చూశాడు, కంప్యూటర్ చూశాడు.

"అమ్మా, ఈ కాలేజి యూజీసీ లిస్టుల లేదు. ఇది చెల్లదు."

"సారూ, మూడేండ్లు చదివిన. ఏదన్న అడుగుండ్రి, చెప్త."

"నీకు రాదంటలేనమ్మా. కాగితం చెల్లదంటున్న."

లామినేషన్ లేకపోతే సిగ్గుతో అక్కడే చిరిగిపోయేదాన్ని.

పోస్టు రాలేదని మాత్రమే ఊళ్లో చెప్పింది, పట్టా చెల్లదన్న సంగతి దాచింది. ఎవరూ అడగకుండా నన్ను మళ్లీ గోడకే తగిలించింది. వారం తిరక్కుండానే పక్క ఊరి టీచర్ వనిత వచ్చి, "అక్కా, నీ పట్టా చూసే నేను గా కాలేజిల చేరుతున్న. ఫారం గూడ నింపిన," అంది. జమున తల దించుకుంది. నిజం చెబితే ఊరంతా నవ్వుతుంది. చెప్పకపోతే వనిత మునుగుతుంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

సోమవారం చుట్టుపక్కల ఊళ్ల టీచర్లంతా కలిసే సెక్టార్ మీటింగ్‌కి నన్ను చేతపట్టుకుని వెళ్లింది. ముప్పై మంది టీచర్ల ముందు నన్ను పైకెత్తింది.

"ఇది నా పట్టా. చెల్లదు. కాలేజి పేరు లిస్టుల ఉన్నదా లేదా నేను చూడలే. మీరు ఫోన్లు తియ్యిండ్రి, ఇప్పుడే చూడుండ్రి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఫోన్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వనిత చాలాసేపు వెతికి, ఫారం నిలువునా చింపేసింది.

పుట్టాక నా వల్ల జరిగిన మంచి అదొక్కటే. అదీ ఆమె చేసిందే.