ఫిద్దా ముట్టని కాఫీ

కరక్ అనే ఆ అరబ్బుల ఊళ్ళో అతిథి కాఫీ కప్పు ముట్టకుండా కింద పెట్టాడంటే మాటలు కాదు. ఏదో కోరిక ఉందని అర్థం. అది తీరుస్తామని ఇంటివాళ్ళు మాటిచ్చేదాకా తాగరు. హత్యల తగాదాల్లో, పెళ్ళి సంబంధాల్లో పెద్దమనుషులు చేసే పని అది. అత్తగారింటికి వచ్చి ఒక కోడలు ఆ పని చెయ్యడం ఎవరూ కనలేదు, వినలేదు. ఫిద్దా చేసింది.

"ఏమే, చేదుగా ఉందా?" అంది అత్త షీమా.

"ఒక కోరిక ఉంది అత్తమ్మా. ఒప్పుకుంటేనే తాగుతా."

పక్కన కూర్చున్న షీమా చెల్లెలు ముక్కున వేలేసుకుంది.

"నా ఇంట్లో నాకే పంచాయితీ! సరే, ఏడువు."

"మీ అబ్బాయికి మాంసం పళ్ళెం పంపడం ఆపండి."

పోయిన నెలలో ఫిద్దా మొగుడు నిమర్ పేగులో పెరిగిన చిన్న చిన్న కండలు డాక్టరు తీసేశాడు. ముదిరితే క్యాన్సర్ అయ్యేవేనట. అతని తండ్రినీ, అన్ననీ పొట్టన పెట్టుకున్నది ఆ జబ్బే. మాంసం బాగా తగ్గించి పప్పులు, శనగలు, ఆకుకూరలు, పొట్టు తియ్యని గోధుమలు తినమన్నాడు. పరీక్షలు మానొద్దన్నాడు. ఫిద్దా మసూరపప్పు వండి పెడితే, సరిగ్గా భోజనం వేళకి అత్తగారింటి నుంచి పెరుగులో ఉడికిన గొర్రెమాంసం దిగేది. అమ్మ పంపింది కాదనలేనంటాడు ఆ మహానుభావుడు. ఫిద్దాకి ఒళ్ళు మండిపోయేది.

"పప్పట పప్పు! కూలివాళ్ళకి కూడా మేం వట్టి పప్పు పెట్టలేదు. ఆకులు మెయ్యడానికి నా కొడుకేమన్నా మేకా?"

"మేకలు బాగానే ఉన్నాయి అత్తమ్మా. తిన్నవాళ్ళే పోయారు."

అనకూడని మాటే. షీమా మొహం పాలిపోయింది.

"అంటే నేనే చంపానంటావా? మెత్తటి ముక్కలు ఏరి ఏరి ఈ చేత్తోనే పెట్టాను ఇద్దరికీ. ఇవాళ పళ్ళెం ఆపితే, చంపానని నేనే ఒప్పుకున్నట్టు కాదూ?"

ముసలమ్మ కోపం పప్పు మీద కాదని ఫిద్దాకి అప్పుడు తెలిసింది. ఆ జబ్బు ఎవరికి ఏ కారణాన వచ్చిందో ఎవరూ చెప్పలేరని, తిండి ఒక్కటే కాదు, వంశంలో కూడా ఉంటుందని డాక్టరు స్పష్టంగా చెప్పాడు. ఆ ఒక్క ముక్క చెబితే షీమా తేరుకునేది. తేరుకుంటే రేపు మళ్ళీ పళ్ళెం వస్తుంది. ఫిద్దా ఆ మాట మింగేసింది.

"ఆపుతారా, లేదా?"

షీమా మొహం పక్కకి తిప్పుకుని అంది: "తాగు. తాగి నా గడప దిగు."

మర్నాటి నుంచి పళ్ళెం రాలేదు. నిమర్ సణుక్కుంటూనే పప్పు తినసాగాడు. వారం తిరక్కుండా షీమా చెల్లెలు వచ్చి ఫిద్దాని పక్కకి పిలిచింది.

"అక్క పొయ్యి వెలిగించడం మానేసిందే. తన చేతులు తనే చూసుకుంటూ కూర్చుంటోంది. ఆ డాక్టరు ఇంకేమన్నా చెప్పాడా? అక్కకి కాస్త ఊరటగా..."

లోపల నిమర్ ఇంకో గరిటె పప్పు వెయ్యమని కేకేశాడు.

"ఏం చెప్పలేదు చిన్నత్తమ్మా," అంది ఫిద్దా, గరిటె అందుకుంటూ.