బోడి పెర్చ్ చివరి పుల్ల

అత్తాకోడళ్ళు పోట్లాడుకోవడానికి వంటగదే కావాలని ఎవరన్నారో గానీ, వాళ్ళు ఈ ఇంటి గడప తొక్కి ఉండరు. ఈ అత్తాకోడళ్ళ యుద్ధమంతా మ్యూజియం వెనక ఉన్న చేపల గదిలోనే. నేల నుంచి కప్పు దాకా గాజు సీసాలు, సీసాల నిండా స్పిరిటు, స్పిరిటులో కళ్ళు తెల్లబడిన చేపలు. ఏళ్ళ తరబడి ఆ గదిని ఏలింది అత్తగారు. ఆవిడ రిటైరయ్యాక తాళంచెవి కోడలి చేతికొచ్చింది. తాళంచెవైతే వచ్చింది గానీ పెత్తనం మాత్రం అంత తేలిగ్గా రాలేదు.

అత్తగారిని అక్కడ అందరూ ముళ్ళావిడ అనేవారు. వెనకాల అనుకోవడమే, మొహం మీద అనే దమ్ము ఎవరికీ లేదు. చేప చేతికిస్తే చాలు, ముళ్ళు లెక్కపెట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసేది. అందులోనూ పెర్చ్ కుటుంబమంటే ఆవిడకు ప్రాణం. మంచినీళ్ళ చేపల్లో అదో పెద్ద సంసారం. చారల పెర్చ్ ఉంది, మూరెడు పొడుగు వేటచేప ఉంది, రాళ్ళ సందుల్లో తిరిగే చిటికెనవేలంత రంగురంగుల చేపలున్నాయి. చూడ్డానికి ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే ఉండదు. అయినా వీపు మీద రెండు రెక్కలుండాలి, ముందుదానికి గట్టి ముళ్ళు, వెనకదానికి ఎక్కువగా మెత్తటి పుల్లలు. పొట్ట కింద తోకవైపు రెక్కకు ఒకటో రెండో ముళ్ళు, అంతకు మించకూడదు. ఈ గుర్తులుంటేనే లోపలికి రానిచ్చేది. పేరులో పెర్చ్ ఉన్నంత మాత్రాన చుట్టరికం కలవదు. గట్టు మీదకు పాకే పెర్చ్ ఒకటుంది, దానికీ ఈ కుటుంబానికీ సంబంధమే లేదు. దాన్ని తెచ్చి ఈ అల్మరాలో పెట్టిన పాపానికి ఒక గుమాస్తా నానా చీవాట్లూ తిన్నాడు.

కోడలు ఆ ఇంటికి కోడలు కాకముందే ఆవిడ దగ్గర పని నేర్చుకుంది. మొదటి రోజే ఆవిడ పళ్ళెంలో ఒక చేపను పెట్టి, సూది చేతికిచ్చి, వెనక రెక్క పుల్లలు లెక్కపెట్టమంది. చివర రెండు కనిపిస్తే ఈ పిల్ల రెండనే లెక్కేసింది. ఆవిడ నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

"వాటి మొదలు చూడు. ఒకే మొదలు నుంచి చీలితే అవి రెండు కాదు, ఒకటే. ఈ ఒక్క ముక్క చచ్చేదాకా మర్చిపోకు."

పిల్ల మర్చిపోలేదు. చివరికి అదే కొంప ముంచింది.

ముళ్ళావిడ వయసులో ఉన్నప్పుడు ఒక కొండవాగులో జానెడు పెర్చ్ దొరికింది. ఒంటి మీద ఒక్క చార లేదు. నీటి రంగును బట్టి చారలు వస్తుంటాయి, పోతుంటాయి, వాటిని నమ్ముకునే మనిషి కాదావిడ. పుల్లలు లెక్కపెట్టింది. చారల పెర్చ్‌కు వెనక రెక్కలో పదిహేను దాటవని పుస్తకాల్లో ఉంది. దీనికి పదహారు. పట్టిన ప్రతి చేపకూ పదహారే. ఇది వేరే జాతి అని పేరు పెట్టి ప్రకటించింది. పెద్దపెద్దవాళ్ళు ముక్కు విరిచినా వెనక్కి తగ్గలేదు. మ్యూజియం జనం దాన్ని బోడి పెర్చ్ అని ముద్దుగా పిలుచుకున్నారు. ఆవిడ జన్మలో పేరు పెట్టిన చేప అదొక్కటే.

ఇన్నాళ్ళకు మ్యూజియంలో పెర్చ్ కుటుంబానికంటూ ఒక హాలు సిద్ధమైంది. గోడ నిండా వంశవృక్షం గీయించారు. ఒక కొమ్మ చివర, అన్నిటికన్నా పెద్దగా, బోడి పెర్చ్. హాలు తెరిచేది ముళ్ళావిడ. బొమ్మ కింద రాసే నాలుగు మాటలు సరిచూసి సంతకం పెట్టాల్సింది కోడలు.

పెట్టేస్తే ఏ గొడవా లేకపోయేది. కానీ ఎవరి దగ్గర నేర్చుకున్న పిల్ల? సంతకానికి ముందు ఒకసారి లెక్కపెట్టుకుందామనుకుంది. మ్యూజియం ఎక్స్‌రే మిషను మూలపడి ఉంది. అదృష్టమో దురదృష్టమో, మొగుడు పళ్ళ డాక్టరు. స్పిరిటు గుడ్డలో చుట్టిన చేపను క్లినిక్కుకు తీసుకెళ్ళి, దవడపళ్ళకు ఎక్స్‌రే తీసే మిషను కింద దాని రెక్క చివర పెట్టింది. నోరు తెరవమని చెప్పనా అని ఆయన సరసమాడాడు. బొమ్మ తెర మీదకొచ్చింది. చివరి రెండు పుల్లలూ చర్మం లోపల, కండలో, ఒకే మొదట్లో కలిసి ఉన్నాయి. ఆ సీసాలోని తక్కిన చేపలనూ తెచ్చి చూసింది, అన్నిటికీ అంతే. పదహారు కాదు, పదిహేను. పుస్తకాల వాళ్ళు ఒకటిగా లెక్కేసినదాన్ని, మొదలు పైకి కనపడక ఆవిడ రెండుగా లెక్కేసింది. బోడి పెర్చ్ అంటూ వేరే చేపే లేదు.

కోడలు అక్కడే రోగుల కుర్చీలో కూలబడి ఏడ్చింది. తన తల్లి పేరు పెట్టిన చేపకు తానే గొయ్యి తవ్వానని డాక్టరుకు అప్పుడు అర్థమైంది.

డైరెక్టరు అంతా విని, ఇప్పుడెందుకు ఈ రాద్ధాంతం అన్నాడు. పోస్టర్లు అచ్చయ్యాయి, పెద్దలు వస్తున్నారు, ముందు సంతకం పెట్టి హాలు తెరవనిస్తే తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చన్నాడు. పెట్టనంటే చేపల గది తాళంచెవి ఇచ్చేసి నత్తగుల్లల విభాగానికి పోవలసి ఉంటుందనీ అన్నాడు.

"నత్తగుల్లలైనా నేను ఉన్నవి ఉన్నట్టే లెక్కపెడతానండి," అని చెప్పి వచ్చేసింది.

డైరెక్టరు ముందు వచ్చిన ధైర్యం అత్తగారి ముందు రాలేదు. అయినా చెప్పింది, ఫోటోలు కూడా చూపించింది. ఆవిడ వాటిని వేలితో అవతలకు నెట్టేసింది. పళ్ళ మిషను నీడలు తెచ్చి తన నోరు మూయించాలని చూస్తోందంది. గది దక్కింది చాలక పేరు కూడా కావాలా అంది. ఆ మాట కోడలికి ములుకులా దిగింది. ఆ రోజు నుంచి ఆవిడ కోడలితో మాట్లాడ్డం మానేసింది. ఏం కావాలన్నా, మీ ఆవిడకు చెప్పు, అని కొడుకుతోనే. ఇద్దరి మధ్యా నలిగిపోయిన ఆ మహానుభావుడు భోజనం కూడా క్లినిక్కులోనే కానిచ్చేవాడు.

కోడలు మాత్రం సంతకం పెట్టలేదు.

హాలు తెరిచే ముందురోజు పొద్దున్నే ముళ్ళావిడ తన పాత సామాన్ల పెట్టె చంకన పెట్టుకుని చేపల గదికి వచ్చింది. పలకరింపూ లేదు, పాడూ లేదు. సీసా అని చెయ్యి చాపింది. పేరు పెట్టడానికి ఆధారమైన అసలు చేపను ఎవరూ కొయ్యరు, అది ఈ పనిలో మహాపాపం. అందుకే దాని తోడు చేపనొకదాన్ని పళ్ళెంలో వేసుకుంది. వెనక రెక్క చివర కత్తి మొనతో చర్మం లేపింది, కండ పక్కకు తీసింది. కోడలు పళ్ళేన్ని కదలకుండా పట్టుకుంది. ఆవిడ వద్దనలేదు. మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూసింది. తర్వాత ఇంకో చేప, ఆపైన ఇంకొకటి.

"ఒకటే," అంది చివరికి.

ఆవిడ చేతులు కడుక్కుని నేరుగా కొత్త హాల్లోకి నడిచింది. అక్కడ పెయింటరు మెరుగులు దిద్దుతున్నాడు, పక్కన డైరెక్టరు నిలబడి ఉన్నాడు. ఆవిడ పెయింటరు చేతిలో కుంచె లాక్కుని గోడ రంగులో ముంచింది. బోడి పెర్చ్‌ను తోక నుంచి మొదలుపెట్టి చెరిపేసుకుంటూ పోయింది. కన్ను దగ్గరికొచ్చాక ఒక్క క్షణం ఆగి, దాన్నీ చెరిపేసింది.

డైరెక్టరు లబోదిబోమన్నాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర సీసాలు కడిగినవాడే. ఇన్నేళ్ళ మీ పేరు పోతుంది మేడమ్ అన్నాడు.

"పోదు నాయనా. మా పనిలో కొట్టేసిన పేరునైనా పారెయ్యరు. సరైన పేరు కిందే ఉంచి, పెట్టిందెవరో, కొట్టేసిందెవరో రాస్తారు. రేపు హాలు నేనే తెరుస్తా. ఈ ఖాళీ ఎందుకో కూడా నేనే చెబుతా. ఈ పిల్లను నత్తల గదికి పంపావా, ఆ రిబ్బను నత్తల చేతే కోయించుకో."

అన్నట్టే తెరిచింది, అన్నట్టే చెప్పింది. తాళంచెవి కోడలి దగ్గరే ఉండిపోయింది. చేపల జాతుల జాబితాలో చారల పెర్చ్ కింద, కొట్టేసిన పేర్ల వరసలో, పేరు పెట్టిన అత్తా కొట్టేసిన కోడలూ పక్కపక్కనే అచ్చయ్యారు. అలాంటి చోట ఇంటిపేర్లే వేస్తారు. ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు.

కొన్నాళ్ళకు ఎక్కడో దూరాన ఉన్న ఒక పండితుడు మెచ్చుకుంటూ రాశాడు. తన తప్పును తానే దిద్దుకున్న ఆ మహాతల్లికి నమస్కారమట. కోడలు చదివి నవ్వింది. పోనీలెండి, అలాగే అనుకోనిద్దాం, మీకే గౌరవం కదా అంది.

ముళ్ళావిడకు ఎక్కడలేని కోపం వచ్చింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడే జవాబు రాయి. దిద్దింది నా కోడలని రాయి. ఒకళ్ళం కాదు, ఇద్దరమని రాయి."