డెబ్బై ఒకటి, ముప్పై మూడు

మా కొట్లో మనుషులకు పేర్లుండవు, కొలతలుంటాయి. "డెబ్బై రెండు నలభై ఎనిమిది వచ్చాడు, దూది గడ్డకట్టిందట" అంటుంది అక్క. అంతే, నాకు మనిషి ముఖం కళ్ళముందు నిలబడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా పరుపుల వ్యాపారం మాది. కుట్టించేదీ బేరాలు తెంచేదీ నేను. ఆర్డర్లు రాసేది అక్క. వ్యానులో ఇళ్ళకు చేరవేసేది బావ. ముగ్గురిలో ఎవరు ఎక్కువ మాట్లాడతారో చెప్పను. రేపు కూడా కలిసి కొట్టు తెరవాలి.

సరుకులో లోపాలు ముందే చెప్పి అమ్మడం నా పద్ధతి. మనం చెబితే నమ్మకం, కొన్నవాడు కనిపెడితే తగాదా. ఆ లెక్క ప్రకారమే నిన్న సాయంత్రం పదకొండో నంబరు బస్సు ఆఖరి స్టాపులో, అందరూ దిగిపోయాక, డ్రైవరు సీటు పక్కన నిలబడి నా సంగతి చెప్పేశాను.

"వయసు నలభై రెండు. నడినెత్తిన జుట్టు లేదు. నిద్రలో గురక ఉంది. భోజనానికి ముందు కోపం ఎక్కువ, తరవాత ఉండదు. పెళ్ళి కాలేదు. మీకు ఇష్టమైతే చేసుకుందాం."

డ్రైవరమ్మ గేరు మీద చెయ్యి అలాగే ఉంచి విన్నది. ఆమె ఎనిమిది నెలల కిందట మా కొట్లో ఒక పరుపు కొన్నది. ఈ ఎనిమిది నెలల్లో నేను పదకొండో నంబరు బస్సు నూట పన్నెండు సార్లు ఎక్కాను. అందులో పనుండి ఎక్కినవి మూడు.

"రేపు అయిదింటికి డ్యూటీ దిగుతాను. దిగి ఫోన్ చేస్తాను. మీరు డిపోకి మాత్రం రాకండి, అక్కడ నలభైమంది ఊరికే నవ్వుతారు."

"అలాగేనండి."

"ఒక్కసారే చేస్తాను. ఎత్తకపోతే మనసు మార్చుకున్నారనుకుంటాను. స్టాపులో లేనివాళ్ళ కోసం బస్సు వెనక్కి తీసే అలవాటు నాకు లేదు."

అది నిజమే. నూట పన్నెండు ప్రయాణాల్లో ఆమె బస్సు వెనక్కి తీయడం నేను చూడలేదు. రొప్పుతూ పరిగెత్తుకొచ్చేవాణ్ణి అద్దంలో చూసి, తల పంకించి, ముందుకు పోనిచ్చేది.

ఈ రోజు పొద్దున్నుంచీ నా కాలు నేల మీద నిలవలేదు. బేరమే ఆడని మనిషికి నేనే ధర తగ్గించాను. అక్క కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. మధ్యాహ్నం కుట్టేవాళ్ళను తప్పుకోమని, పదేళ్ళ తరవాత దబ్బనం నేనే పట్టాను. ఆ పరుపు డ్రిల్లు మాస్టారిది, గట్టి రకం. నడుం పట్టేసిన మనిషికి దూది ఎక్కడా ఎగుడుదిగుడు ఉండకూడదు. చెయ్యి భుజం దాకా సంచిలోకి పోనిచ్చి, తల కూడా సగం దూర్చి, మూలమూలా తడిమి సర్దాను. ఈల వేసుకుంటూ మూతి కుట్టాను. రెండు పేటల దారం, అంగుళానికో ముడి. బావ మూడు పరుపులు వ్యానెక్కించి, తాడు బిగించి వెళ్ళిపోయాడు.

మూడుంబావుకు చొక్కా జేబు తడుముకున్నాను. జేబు ఉంది. ఫోను లేదు.

బల్ల కింద, దూది కుప్పలో, పాత పరుపుల దొంతరలో, మంచినీళ్ళ కుండ వెనక, ఆఖరికి నా చెప్పుల్లో కూడా వెతికాను. అక్క తన ఫోన్‌లోంచి నా నంబరుకు చేసింది.

"మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. దొంగయితే ఈపాటికి కట్టేసేవాడే."

"మర్యాదగల దొంగేమో."

"నీ ఫోను ఎక్కడుందో పటంలో చూపించే ఏర్పాటు ఒకటుందిరా. నా ఫోన్‌లో నీ ఖాతా తెరిస్తే సరి. పాస్‌వర్డ్ చెప్పు."

ఆ పాస్‌వర్డ్ ప్రపంచంలో ఎవరికైనా చెప్పవచ్చు, మా అక్కకు తప్ప.

"మర్చిపోయాను," అన్నాను.

"మర్చిపోయినవాళ్ళకీ దారి పెట్టార్లే." ఏదో నొక్కి, కాసేపు చూసి, "ఆరంకెలు పంపిందట, చూసి చెప్పు" అన్నది.

"ఎక్కడికి పంపింది?"

"నీ ఫోనుకి."

ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. తాళంచెవి బీరువాలో పడేసి, బీరువాకు తాళం వేసుకున్నట్టుంది మా పరిస్థితి.

"ఇంకో ఫోను కొనుక్కుందువులే. సాయంత్రం చూద్దాం," అన్నది అక్క.

"సాయంత్రం పనికిరాదక్కా. అయిదింటికి ఒక ఫోన్ రావాలి. ఆ నంబరు నాకు నోటికి రాదు. ఎత్తకపోతే మళ్ళీ రాదు."

"అంత పెద్ద ఆర్డరా?"

గోడ గడియారం మూడున్నర చూపించింది. నిలబడి లెక్క వేశాను. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఆమె పోతుంది. పరువు మెల్లగా మళ్ళీ సంపాదించుకోవచ్చు.

"డెబ్బై ఒకటి," అన్నాను.

అక్క అంకెలు నొక్కింది. "ఊఁ."

"ముప్పై మూడు. అయిదు. తరవాత ఇంగ్లీషు అక్షరాల్లో, గట్టి."

'గట్టి' దాకా వచ్చిన అక్క వేలు గాల్లో ఆగింది. మంచాలన్నీ డెబ్బై రెండో, డెబ్బై అయిదో ఉంటాయి. డెబ్బై ఒకటికి ముప్పై మూడు, అయిదంగుళాల మందం, ఈ ఊరంతటికీ ఒక్కటే. మెట్ల కింద అరలో పట్టేలా చేయించుకున్న మంచం అది. ఆ కొలత రాసుకున్నది అక్క చెయ్యే.

"మెట్ల కింద మంచం," అన్నది నెమ్మదిగా. "పదకొండో నంబరు బస్సు. డ్రైవరమ్మ."

"ముందు అది నొక్కక్కా."

"ఎన్నాళ్ళనుంచి?"

"నొక్కక్కా, నీకు పుణ్యముంటుంది."

"అందుకేనా రోజూ బజారు పనుందని వెళ్ళి, ఉత్త సంచితో తిరిగొచ్చేవాడివి. ఆ అమ్మాయికి పరుపులో దూది రెండు కిలోలు ఎక్కువ వేయించావు కూడాను. నేనప్పుడే అడిగాను, తూకం తప్పిందన్నావు."

"తూకమే తప్పింది," అన్నాను.

అక్క నవ్వు మొదలుపెట్టింది. నవ్వుతూనే నొక్కింది. పటం తెరుచుకుంది. వీధుల మధ్య ఒక నీలం చుక్క, అదే నేను పోగొట్టుకున్న భాగ్యం, కదులుతోంది.

"దొంగే. పారిపోతున్నాడు," అన్నాను.

చుక్క ఒక సందులో ఆగింది. పది నిమిషాలు కదల్లేదు. మళ్ళీ బయలుదేరి, వంతెన దాటి, ఇంకో వీధిలో ఆగింది. అక్క ముఖంలో నవ్వు పోయి ఆర్డర్లు రాసే చూపు వచ్చింది. పుస్తకం తెరిచి ఈ రోజు పేజీ మీద వేలు పెట్టింది.

"ఒరేయ్, ఈ దొంగ మన సరుకు దించే ఇళ్ళ దగ్గరే ఆగుతున్నాడు. అదీ నేను రాసిన వరస ప్రకారం."

పరుపు సంచిలోకి సగం దూర్చిన నా తల, వంగిన నా జేబు, నా ఈల, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"కుట్టేశానక్కా. డ్రిల్లు మాస్టారి పరుపులో."

బావకు ఫోన్ చేసి లాభం లేదు. నడిపేటప్పుడు ఎత్తడు. దిగినప్పుడు ఫోను వ్యాన్లో వదిలేస్తాడు. పటం కింద 'మోగించు' అని ఒక మీట ఉంది. నొక్కితే ఫోను అయిదు నిమిషాలపాటు మోగుతుంది, వణుకుతుంది. బావ చెవిన పడుతుందేమోనని అక్క నొక్కింది, నేను నొక్కాను, మళ్ళీ అక్క నొక్కింది. కొట్టు కుట్టేవాళ్ళకు అప్పజెప్పి స్కూటరెక్కాం. అక్క నడిపింది. నేను వెనక కూచుని ఒక చేత్తో అక్క భుజం, రెండో చేత్తో అక్క ఫోను పట్టుకుని చుక్క చెప్పినట్టల్లా చెప్పాను.

"ఎడమకి. కాదు, చుక్క గెంతింది, కుడికి."

"ఆమెకు నువ్వు నచ్చావా?" అని అరిచింది అక్క, గాలికి వినిపించదని.

"అది చెప్పడానికే ఫోన్ చేస్తానంది."

"గురక సంగతి చెప్పావా?"

"చెప్పాను."

"అయితే కష్టమే," అన్నది అక్క. సరిగ్గా అప్పుడే ఎర్రదీపం దగ్గర ఆగాం. పక్కనున్న లారీ డ్రైవరు నా వైపు జాలిగా చూశాడు. దీపం మారేదాకా నేను ఆకాశం వైపు చూశాను. అంత కంగారులోనూ నోరు చెవుల దాకా సాగి నవ్వొస్తోంది నాకు.

నాలుగూ నలభైకి మాస్టారి ఇల్లు చేరాం. బావ గుమ్మంలో మంచినీళ్ళు తాగుతున్నాడు.

"ఏం బావమరిదీ, పరుపులో ఏం పెట్టావు? మాస్టారు దిగనంటున్నారు."

లోపల డ్రిల్లు మాస్టారు కొత్త పరుపు మీద వెల్లకిలా, సావధాన్ భంగిమలో పడుకుని, కళ్ళు మూసుకుని చిరునవ్వు నవ్వుతున్నారు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని ఎండలో నిలబెట్టిన మనిషి. రెండు నెలలుగా నడుం కదలదు.

"వెన్ను కింద భలే జలదరిస్తోందయ్యా," అన్నారు. "ఆగి ఆగి వస్తోంది, లోపల సన్నగా పాట కూడా. మీ బావగారు కొత్త రకమన్నారు."

నేను బావ వైపు చూశాను. బావ గ్లాసులోకి చూశాడు.

"మాస్టారూ, సరుకులో లోపం ఉంది. దాన్లో నా ఫోను ఉండిపోయింది. కుట్టు విప్పి తీసుకుంటాను."

"వీల్లేదు. నా నడుం ఇంత సుఖపడి ఎన్నాళ్ళయిందో తెలుసా? పైగా ఈ కుట్టు పదేళ్ళు విప్పక్కర్లేదని చెప్పింది నువ్వే."

అక్క ముందుకొచ్చింది. "మాస్టారూ, అయిదింటికి మావాడి పెళ్ళి మాట ఆ ఫోనుకే వస్తుంది. ఒక్కసారే వస్తుంది. ఎత్తకపోతే మనసు లేదనుకుంటుంది ఆ అమ్మాయి."

బావ చేతిలో గ్లాసు ఒలికింది. మాస్టారు కళ్ళు తెరిచారు.

"టైమెంత?"

"పావు తక్కువ అయిదు."

"మరి నిలబడి చూస్తారేం? కాళ్ళ వైపు కుట్టు విప్పండి. నన్ను మాత్రం కదపొద్దు. కదిపితే రేపటిదాకా అరుస్తాను. ఊఁ, మొదలు."

నా కుట్టు గొప్పతనం నాకు అప్పుడు తెలిసింది. బ్లేడు వంగింది. కూరగాయల కత్తి దారం మీద జారింది. అంగుళానికో ముడి, ముడి మీద ముడి. మధ్యాహ్నం ఎవడో ప్రేమలో ఉన్నవాడు కుట్టినట్టుంది, అదీ మళ్ళీ ఎప్పటికీ విప్పకూడదని. "ఇదేం కుట్టురా, జైలు తలుపా?" అన్నాడు బావ. మాస్టారు పైనుంచి తెగిన ముడులు లెక్కపెట్టారు. ఏడో ముడి తెగేసరికి నా చెయ్యి దూరేంత సందయింది. మోచెయ్యి దాకా పెట్టాను. దూది. భుజం దాకా పెట్టాను. ఇంకా దూది. చెంప పరుపుకు ఆనించి, ముక్కులో దూది పోగులతో, మాస్టారి నడుం కింద వేళ్ళు జరుపుకుంటూ పోయాను.

అయిదయింది. పరుపు మోగింది.

"వచ్చింది, వచ్చింది. ఇంకాస్త పైకి, ఎడమకు," అన్నారు మాస్టారు. పటం కన్నా ఆయన వెన్నే బాగా దారి చెప్పింది. మూడు, నాలుగు, అయిదుసార్లు మోగింది. నా వేలి కొసకు అద్దం చల్లగా తగిలింది.

ఆగిపోయింది.

ఫోను నా గుప్పిట్లోనే ఉంది, భుజం దాకా పరుపులో ఉన్న గుప్పిట్లో. తీయబుద్ధి కాలేదు. ఎనిమిది నెలలు, నూట పన్నెండు ప్రయాణాలు, ఒక అంగుళం. నా లెక్కల్లో ఇంత తక్కువ తేడాతో పోయిన బేరం ఇంకోటి లేదు. బావకు కూడా హాస్యం తోచలేదు. అక్క నా వీపు మీద చెయ్యి వేసింది.

గుప్పిట్లో ఫోను వణికింది.

ఒక్కసారే చేస్తానన్న మనిషి రెండోసారి చేస్తోంది. చెయ్యి పరుపులో ఉండగానే, ఇంకా ఎత్తకుండానే, నాకు జవాబు తెలిసిపోయింది. చెయ్యి లాగితే గంపెడు దూది నాతో పాటు బయటికొచ్చింది.

"హలో," అన్నాను, దూది ఉమ్మేస్తూ.

"స్టాపు దాటిపోయాను," అన్నది డ్రైవరమ్మ. వెనకాల బస్సుల రొద. "అద్దంలో చూస్తే మీరు లేరు. పదేళ్ళ సర్వీసులో మొదటిసారి వెనక్కి తీశాను. ఎక్కడున్నారు?"

"పరుపులో ఉన్నానండి."

"గురక ఉందన్నారు కానీ, సాయంత్రం అయిదింటికే పడుకుంటారా?"

జరిగింది చెప్పబోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నా వెనక అక్క అప్పుడే ఆర్డర్ల పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. "అడగరా, డెబ్బై ఒకటి ముప్పై మూడులో ఇద్దరు ఎలా పడతారో," అన్నది, ఫోనులోకి వినిపించేంత గట్టిగా.

"ఎవరండీ అది?"

"మా అక్క. ఆర్డర్లు తనే రాస్తుంది."

అవతల ఎవరో హారన్ కొట్టారు.

"డెబ్బై రెండు అరవై రాసుకోమనండి," అన్నది డ్రైవరమ్మ. "గట్టి రకమే. మెట్ల కింద పట్టదు, మీ ఇంట్లోనే వెయ్యాలి."

అక్క రాసుకుంది. మంచం మీదనుంచి డ్రిల్లు మాస్టారు, తన పరుపులోకి ఆ జలదరించేది మళ్ళీ ఎప్పుడు పెడతారని అడుగుతున్నారు.