గీతకు అవతల మరుగుదొడ్డి

చెత్తబళ్ల షెడ్డులో మేనేజరు ఆ రోజు మా తోటి డ్రైవరు కబుర్లక్కను అందరి ముందూ నిలబెట్టి ఫోను చూపించాడు. తెరమీద మా వార్డు మ్యాపు, చుట్టూ ఎర్రగీత. బండి దాన్ని దాటితే బండిలో బిగించిన పెట్టె మోగుతుంది, ఆయన ఫోనూ మోగుతుంది. ఆమె బండి మూడుసార్లు దాటిందట.

"ఎక్కడికెళ్లావ్?"

ఎప్పుడూ మమ్మల్ని నవ్వించే మనిషి తల దించుకుంది. "మార్కెట్ వెనక మరుగుదొడ్డికి సార్."

"గీత లోపల చూసుకో. ఇంకోసారి మోగితే తాళంచెవి ఇచ్చేసి పో."

గీత లోపల ఆడవాళ్లు వెళ్లే చోటే లేదు. పన్నెండు బళ్లూ నడిపేది ఆడవాళ్లమే. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా మేమెవరమూ నోరు మెదపలేదు.

మర్నాటి నుంచి కబుర్లక్క పనిలో నీళ్లు తాగడం మానేసింది. ఎండలో ఎనిమిది గంటలు. "నాది ఒంటె జన్మలేవే" అని నవ్వేది. రెండో నెలలో నడుంనొప్పి అంది, చలిజ్వరం అంది. బండి మాత్రం ఆపలేదు. ఆస్పత్రిలో చేర్చేసరికి మూత్రపిండాలకు చీము పట్టిందన్నారు. నాలుగోరోజు పోయింది.

ఆమె కూతురు నా కొంగు పట్టుకుంది. "పిన్నీ, మీరంతా అక్కడే ఉన్నారుగా. అమ్మను ఒక్కసారి కూడా పోనివ్వలేదా?"



మర్నాడు షెడ్డులో మా అందరికన్నా పాత డ్రైవరు పెద్దక్క అంది, "దాన్ని మనమూ చంపాం. నోళ్లు మూసుకుని."

"పిల్లలున్నారక్కా. పని పోతే?" అన్నాను.

"దానికి లేరుటే?"

పదకొండు బళ్లూ గీత దాటించి మరుగుదొడ్డి ముందు నిలిపాం. పెట్టెలన్నీ మొత్తుకున్నాయి.

మేనేజరు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "సరే, గీత ఇక్కడిదాకా జరుపుతాను. బళ్లు తియ్యండి."

"జరపడం కాదు, తీసెయ్," అంది పెద్దక్క. "అది ఎందుకు చచ్చిపోయిందో రాసివ్వు."

"రోగమొచ్చి పోతే నాదా పూచీ?"

పెద్దక్క రోడ్డుమీద కూర్చుంది. పోలీసులు రెక్క పట్టి లేపి జీపెక్కించారు.

నేను ఏడుస్తూనే బండెక్కి జీపు వెనక పోనిచ్చాను. అద్దంలో ఒక్కో బండీ కదలడం కనిపించింది. స్టేషన్ ముందు దిగి, "మమ్మల్నీ లోపలెయ్యండి," అని కూర్చున్నాం.

సాయంత్రానికి పక్క వార్డు బళ్లు వచ్చి మా వెనక ఆగాయి. మొదటి బండి దిగినామె ఎవరో మాకు తెలియదు. "మాకూ గీత గీశారమ్మా," అని నా పక్కన కూర్చుంది.